పసుపు మచ్చ

ఆమెకు రోతమ్మ అని పేరు పెట్టింది సొంత అన్నయ్యే. ఎనిమిదేళ్ళప్పుడు ఒకసారి, ఇంకెవరో తాగిన గ్లాసులోనే తనకు నీళ్ళు పోశారని తెలిసి, తాగిన నీళ్ళన్నీ పెరట్లో కక్కి వచ్చింది. అన్నయ్య పడీ పడీ నవ్వి ఆ మాట అన్నాడు. అది అలా అంటుకుపోయింది. పెళ్ళయ్యాక సామానుతో పాటు అత్తవారింటికీ వెళ్ళింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో అన్నయ్య ఆసుపత్రికి ఫోను చేసి "మా రోతమ్మని ఒకసారి పిలుస్తారా?" అని అడిగాడు. ఇక అక్కడ కూడా ఆమె అసలు పేరు హాజరుపట్టీలోనే మిగిలింది.

పేరుకు తగ్గ మనిషే. చల్లారిన టీ మీద ముడతలు పడ్డ మీగడంటే రోత. ఎవరో తుడిచి పడేసిన తడిగుడ్డంటే రోత. నోటికి అడ్డం పెట్టుకుని దగ్గిన చేత్తోనే తలుపు తీసేవాళ్ళను చూస్తే ఒళ్ళంతా కంపరమెత్తేది. బస్సులో కడ్డీని రుమాలుతో పట్టుకునేది. భర్త పుస్తకాలు బైండింగు చేసే మనిషి. సాయంత్రం ఇంటికొచ్చాక గోళ్ళ సందుల్లో ఎండిన జిగురు పోయేదాకా ఆయనను పళ్ళెం ముట్టుకోనిచ్చేది కాదు. ఆయన బడిపిల్లాడిలా రెండు చేతులూ చాపి, అటు తిప్పి ఇటు తిప్పి, "తనిఖీ అయిందా, కూర్చోనా?" అని అడిగేవాడు.

అలాంటి మనిషి ఇరవై రెండేళ్ళుగా చేసిన పని, జనం కడుపుల్లోంచి తీసిన ముక్కలు కోయడం.

రక్తపరీక్షల గదిలో దర్జాగా కుర్చీలో కూర్చోవచ్చనుకుని ఆ చదువు చదివింది. ఖాళీ మాత్రం నేలమాళిగలో, కోతముక్కలు పరీక్షించే లాబ్‌లో ఉంది. చేరిన రోజే ఒక బకెట్టులో ఎవరిదో పేగు, చుట్ట చుట్టుకుని, బూడిదరంగులో తేలుతూ కనిపించింది. ముక్కలు కుళ్ళకుండా పోసే ఫార్మలిన్ ఘాటుకు కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటే గోడ పట్టుకుని నిలబడి, రేపటినుంచి రానని చెప్పేసింది. అప్పటి పెద్ద డాక్టరమ్మ ఆమెను స్టూలు మీద కూర్చోబెట్టి, ఈ పనికి రోత పుట్టేవాళ్ళే కావాలని నచ్చజెప్పింది. ఏ రోతా లేనివాళ్ళు ఒక ముక్కకూ ఇంకో ముక్కకూ మధ్య పట్టకారు తుడవరు. ఒకరి కడుపు తునక ఇంకొకరి గాజు పలక మీదికి ఎక్కుతుంది. లేని జబ్బు ఒకరి నెత్తిన పడుతుంది. ఆ పెద్దావిడ రిటైరై వెళ్ళిపోయింది గాని, రోతమ్మ మాత్రం పట్టకారును మూడుసార్లు తుడుస్తూ అక్కడే ఉండిపోయింది.

పై అంతస్తునుంచి చిన్న చిన్న సీసాల్లో, ఫార్మలిన్‌లో మునిగి, బియ్యపు గింజంత ముక్కలు వచ్చేవి. వాటిని స్పిరిట్‌లో, తర్వాత జైలీన్‌లో కడిగి, కరిగిన మైనంలో నిలబెట్టి దిమ్మ కట్టేది. ఆ దిమ్మను యంత్రానికి బిగించి చక్రం తిప్పితే, ఊపిరి తగిలితే ఎగిరిపోయేంత పల్చటి పొరలు రిబ్బనులా వచ్చేవి. వాటిని గోరువెచ్చటి నీళ్ళ మీద పరిచి, మడత పడకుండా గాజు పలక మీదికి ఎత్తి, రంగులు వేసి, డాక్టరు బల్ల మీద పెట్టేది. రంగు సరిగ్గా పట్టిందో లేదో తన పక్కనున్న చిన్న మైక్రోస్కోపులో చూసుకునేది. జబ్బేమిటో చెప్పడం ఆమె పని కాదు. కానీ ఇరవై రెండేళ్ళు చూసిన కంటికి ఏది మామూలు, ఏది కాదు అన్నది ఎవరూ చెప్పకుండానే తెలిసిపోతుంది.

పాత డాక్టరమ్మ కుర్చీలోకి వచ్చిన ఆయనను లాబ్‌లో అందరూ సంతకాల డాక్టరు అనేవాళ్ళు. మధ్యాహ్నం భోజనానికి లేచేలోపు నలభై రిపోర్టుల మీద సంతకం పెట్టేసేవాడు. ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించి ఇంట్లో పైపుల మేస్త్రీతో మాట్లాడుతూనే ఒక కంటితో మైక్రోస్కోపులోకి చూసేవాడు. బల్ల మీద ఎప్పుడూ విప్పిన బిస్కెట్ల పొట్లం ఉండేది. ఇవన్నీ రోతమ్మ ఎలాగో భరించింది గాని, ఒక్కటి మాత్రం ఆమె వల్ల కాలేదు. సీసాలతో పాటు వచ్చే కాగితాలు, ముక్కలు కోసే బల్ల మీద తడిసి ఆరిన కాగితాలు, ఆయన బొటనవేలు నాకి తిప్పేవాడు. నాకడం, తిప్పడం, నాకడం, తిప్పడం. ఆ చప్పుడు వినబడగానే ఆమె లేచి, అవసరం లేకపోయినా, పంపు విప్పి చేతులు కడుక్కునేది.

ఒక గురువారం బేకరీలో పనిచేసే ఒకావిడ సీసా వచ్చింది. నలభై దాటని మనిషి. ఛాతీలో మంట అని వస్తే, పై అంతస్తులో కెమెరా గొట్టం వేసి చూశారు. గొట్టం వేసే ఆవిడను ఆసుపత్రి అంతా గొట్టం డాక్టరమ్మ అనేది. ఆవిడకు బేకరీ మనిషి కడుపు లోపలి పొర మీద పెసరగింజంత పసుపు మచ్చ కనిపించింది. దాన్నుంచి రెండు తునకలు తీసి కిందికి పంపింది.

రోతమ్మ వాటిని కోసి, రంగు వేసి, ఎప్పటిలాగే చూసుకుంది. పైపొర కింద పెద్ద పెద్ద కణాల గుంపు కనిపించింది. ఒక్కొక్కటీ సబ్బు నురగ నింపినట్టుంది. ఓహో, ఇదా అనుకుని బల్ల మీద పెట్టేసింది. మర్నాడు పలకల్ని పెట్టెలో సర్దుతూ రిపోర్టు చదివి ఆగిపోయింది. ఉంగరపు కణాల క్యాన్సరు అని రాసి ఉంది. కింద సంతకం. వచ్చే బుధవారం ఆపరేషన్ అని పైనుంచి చీటీ కూడా వచ్చేసింది. కడుపు తీసేస్తారు.

ఉంగరపు కణం అంటే లోపల జిగురు నిండిపోయి, మధ్యలో ఉండాల్సిన కేంద్రకం ఒక పక్కకు ఒత్తుకుపోయి, రాయి పొదిగిన ఉంగరంలా కనిపించేది. ఆ జాతి చాలా చెడ్డది. దొరికితే కోయాల్సిందే. కానీ రోతమ్మ చూసిన కణాల్లో కేంద్రకం మధ్యలోనే, చిన్నగా, బుద్ధిగా కూర్చుని ఉంది. అవి కొవ్వు మింగిన కణాలు. కొందరికి కనురెప్పల మీద పసుపు మచ్చలు వస్తాయి కదా, అలాంటిదే అరుదుగా కడుపులోనూ వస్తుంది. పడి ఉంటుంది, ఏమీ చేయదు. ముక్కను స్పిరిట్‌లో, జైలీన్‌లో కడిగేటప్పుడు ఆ కొవ్వు కరిగిపోయి ఖాళీ నురగ మిగులుతుంది. తొందరలో చూసేవాడికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. తేల్చడానికి ఒక రంగుంది. జిగురున్న చోటల్లా అది ముదురు గులాబీగా పడుతుంది. ఉంగరపు కణమైతే గులాబీ అవుతుంది, కొవ్వు కణమైతే వెలవెలబోతూ ఉండిపోతుంది.

జబ్బు తేల్చడం తన పని కాదు గాని, రంగు వేయడం తన పనే కదా అనుకుంది రోతమ్మ. దిమ్మ తీసి మళ్ళీ పొర కోసి ఆ రంగు వేసింది. కడుపు పైపొరలో మామూలుగా ఉండే జిగురు చక్కగా గులాబీ తేలింది. అంటే రంగు బాగానే పనిచేసింది. దాని కింద నురగ కణాలు మాత్రం ఒక్కటంటే ఒక్కటి రంగు పట్టలేదు. పలక తీసుకెళ్ళి సంతకాల డాక్టరు ముందు పెట్టింది.

ఆయన తలెత్తలేదు. "ఇది నిన్నెవరు వేయమన్నారు?"

"ఎవరూ అనలేదండి. అనుమానంగా ఉండి వేశాను. ఒక్కసారి చూడండి."

"అనుమానం నాకు రావాలి, నీకు కాదు" అని, పలకను బిస్కెట్ల పొట్లంతో పక్కకు జరిపాడు.

శనివారం అది అక్కడే ఉంది. సోమవారం పొద్దున వచ్చి చూస్తే గాజు మీద గోధుమరంగు వలయం, దాని చుట్టూ బిస్కెట్ పొడి. ఎవరి కడుపు ఉంచాలో తీయాలో చెప్పే పలక మీద ఆయన టీ గ్లాసు పెట్టుకున్నాడు. చిన్నప్పటి నుంచీ రోతమ్మ ఎన్నో అసహ్యించుకుంది గాని, అవన్నీ కడిగితే పోయేవి. దీన్ని దేనితో కడగాలో ఆమెకు తెలియలేదు. పలక తుడిచి, జేబులో పెట్టుకుని, లిఫ్టు కోసం ఆగకుండా మెట్లెక్కి గొట్టం డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళింది.

రోతమ్మ చెప్పింది విని ఆవిడ ముందు ఆశ్చర్యపోయింది. మచ్చ పసుపుగా ఉందని, కొవ్వు మచ్చ కావచ్చని తాను కాగితం మీద రాసి పంపానంది. ఇద్దరూ కిందికి దిగి ఆ కాగితం వెతికించారు. నీలం సిరాతో, స్పష్టంగా, రాసే ఉంది. కాగితం మూల ఉమ్మి తడికి కాస్త ముడత పడింది కూడా. తిప్పిన మనిషి చదవలేదంతే.

గొట్టం డాక్టరమ్మ పక్కన నిలబడి ఉండగా సంతకాల డాక్టరు ఆ పలక చూడక తప్పలేదు. చాలాసేపు చూశాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు. తర్వాత కుర్చీలో వెనక్కి వాలి, తనకూ మొదటినుంచీ ఈ అనుమానం ఉందని, అందుకే ఈ రంగు అదనంగా వేయించానని తాపీగా చెప్పాడు. చెబుతూ రోతమ్మ వైపు చూశాడు. రోతమ్మ నేల వైపు చూసింది. ఆ క్షణంలో ఆయన మీద ఎంత ఏవగింపు కలిగిందో, నోరు మెదపని తన మీదా అంతే కలిగింది.

మంగళవారం మధ్యాహ్నానికి ఆపరేషన్ రద్దయింది. ఇంకో రంగు కోసం పెద్ద లాబ్‌కు పంపిన ముక్క కూడా, అది కొవ్వు మచ్చే, క్యాన్సరు కాదని చెప్పింది. బేకరీ ఆవిడ ఒక అట్టపెట్టె నిండా వేడి వేడి బన్నులు తెచ్చి, కళ్ళు తుడుచుకుంటూ సంతకాల డాక్టరుకు దణ్ణం పెట్టి వెళ్ళింది. ఆయన రెండు తిని, మూడోది తింటూ బొటనవేలికి అంటిన వెన్న నాకి, ఆ వేలితోనే తర్వాతి కాగితం తిప్పాడు. రోతమ్మను కూడా తీసుకోమన్నాడు. కడుపు బాగాలేదని చెప్పిందామె.

నిజంగానే బాగాలేదు. ఎందుకంటే ఆ వేళకే ఆమెకు డ్రిల్లు మాస్టారు గుర్తొచ్చాడు.

డ్రిల్లు మాస్టారు ఆమె వీధిలోనే, నాలుగిళ్ళ అవతల ఉండేవాడు. ఈల వేస్తే మూడు వీధులకు వినబడే మనిషి. రెండేళ్ళ కిందట ఆయన కడుపులో కూడా ఇలాగే ఏదో మచ్చ కనిపించింది. ఇదే లాబ్, ఇదే సంతకం, ఇవే ఉంగరపు కణాలు. కడుపులో మూడొంతులు తీసేశారు. తీసిన కడుపును అరవై దిమ్మలుగా కోసి చూసింది రోతమ్మే. అరవైలో ఒక్కదాంట్లోనూ క్యాన్సరు కనబడలేదు. మొదట గొట్టంతో తీసిన తునకలోనే జబ్బంతా వచ్చేసిందని, అంత ముందుగా పట్టుకున్నామని సంతకాల డాక్టరు రాశాడు. అందరూ మెచ్చుకున్నారు. డ్రిల్లు మాస్టారు పెద్ద బుంగ లాంటి మనిషి ఏడాదిలో చీపురుపుల్లయ్యాడు. రోజుకు ఆరుసార్లు, ప్రతిసారీ గుప్పెడు, తింటాడు. తిన్న అరగంటకు చెమటలు పట్టి, గుండె దడదడలాడి పడుకుంటాడు. అయినా మనిషి దిగజారిపోలేదు. బళ్ళకు వెళ్ళి, తాను క్యాన్సరును ఎలా ఓడించాడో పిల్లలకు చెప్పేవాడు. వేదిక మీద శాలువాలు కప్పేవాళ్ళు. ఆయన భార్య ఆ శాలువాలన్నీ మడిచి అలమరలో పెట్టేది.

మర్నాడు మధ్యాహ్నం లాబ్ ఖాళీగా ఉన్నప్పుడు రోతమ్మ సామాను గదిలోకి వెళ్ళి, పాత దిమ్మల అరలు తెరిచింది. దుమ్ము, బొద్దింకల రెట్టలు, మైనం వాసన. నంబరు చూసి మాస్టారి మొదటి దిమ్మ తీసింది. పొర కోసింది, గులాబీ రంగు వేసింది, మైక్రోస్కోపు కింద పెట్టింది. పైపొర గులాబీ. కింద నురగ కణాలు, వెలవెలబోతూ, ఒక్కొక్కటీ నడిమధ్యన కేంద్రకంతో. ఆమె లేచి సింకు దగ్గరికి వెళ్ళింది. ఇరవై రెండేళ్ళలో ఆ లాబ్‌లో ఎన్నో చూసి ఎన్నడూ కక్కని మనిషి, ఆ రోజు కక్కింది. కక్కి, సింకు కడిగి, మళ్ళీ కడిగి, పలక తీసుకుని సంతకాల డాక్టరు దగ్గరికి నడిచింది.

ఈసారి ఆయన వెంటనే చూశాడు. లేచి తలుపు మూసి వచ్చాడు. గొంతు తగ్గించి, ఎంతో మంచిగా మాట్లాడాడు.

"బతికే ఉన్నాడు కదా. హాయిగా తిరుగుతున్నాడు కదా. ఉపన్యాసాలు కూడా ఇస్తున్నాడట. ఇప్పుడు వెళ్ళి ఏం చెబుతావు, నీ కడుపు ఊరికే కోసేశామనా? చెప్పి ఆ మనిషిని ఏం చేద్దామని? పాత దిమ్మలు తవ్వడం నీ పని కాదు. పెట్టేసెయ్యి."

ఆ మంచితనమే ఆమెకు అన్నిటికంటే ఎక్కువ రోత పుట్టించింది. కసురుకున్నా బాగుండేది. బిస్కెట్ల పొట్లం ముందుకు జరిపి, ఒకటి తీసుకోమన్నాడు.

ఇంటికొచ్చాక అన్నం కలిపింది గాని ముద్ద నోటిదాకా వెళ్ళలేదు. భర్త రెండు చేతులూ చాపి నిలబడ్డాడు. ఆమె చూడనే లేదు. ఏదో జరిగిందని అప్పుడు గ్రహించి, పక్కన కూర్చుని మెల్లగా అంతా చెప్పించుకున్నాడు. తను కుట్టిన పుస్తకంలో పేజీలు అటూ ఇటూ అయితే విప్పి మళ్ళీ కుడతానని, ఇది విప్పి కుట్టేది కాదని అన్నాడు. చెబితే ఉద్యోగం మీదికి వస్తుందని కూడా అన్నాడు. చివరికి లేస్తూ, "చెప్పకుండా ఆ ఇంటి ముందునుంచి రోజూ ఎలా నడిచి వెళ్తావు?" అని అడిగాడు.

ఆదివారం పొద్దున వెళ్ళింది. డ్రిల్లు మాస్టారు వరండాలో కుర్చీలో కూర్చుని, చిన్న గిన్నెలోంచి చెంచాతో ఏదో తింటున్నాడు. భార్య పక్కన స్టూలు మీద కూర్చుని గడియారం చూస్తోంది, ఎక్కువ తొందరగా తినకుండా. రోతమ్మను చూసి ఆవిడ సంతోషపడి కాఫీ పెడతానంది. రోతమ్మ వద్దని, ఆవిడను కూడా కూర్చోమంది. చెప్పాల్సిన మాటలు దారంతా కూడబలుక్కుంది. తీరా నోరు తెరిచేసరికి ఉన్నదున్నట్టు, ముక్కుసూటిగా వచ్చేసింది. ఆ మచ్చ క్యాన్సరు కాదు. కొవ్వు మచ్చ. ఉన్నా ఏమీ చేసేది కాదు. మొన్న మళ్ళీ చూస్తే తేలింది.

మాస్టారు చెంచా గిన్నెలో పెట్టాడు. "మరి నాలోంచి తీసిందేమిటమ్మా?"

"మంచి కడుపే మాస్టారూ."

వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు. మాస్టారు చాలాసేపు తన చొక్కా బొత్తాల వైపు చూసుకున్నాడు. తర్వాత, బడిలో తప్పు చేసిన పిల్లాణ్ణి అడిగినట్టు, నెమ్మదిగా అడిగాడు. "ఆ రోజు ముక్కలు కోసింది నువ్వేనా?"

"నేనేనండి."

"అప్పుడు నీకు అనుమానం రాలేదా?"

రాలేదని చెప్పవచ్చు. ఆయనకు తెలిసే దారి లేదు. కానీ వచ్చింది. అరవై దిమ్మలు కోసి ఏమీ దొరక్కపోతే ఎవరికైనా వస్తుంది. మొదటి పలక మళ్ళీ తీసి చూడాలని ఆ వారమంతా అనిపించింది. చూడలేదు.

"వచ్చింది మాస్టారూ. పెద్దవాళ్ళు సంతకం పెట్టేశారు కదా, మనకెందుకని ఊరుకున్నాను."

మాస్టారు కుర్చీలోంచి లేచి, గోడ పట్టుకుని, లోపలికి వెళ్ళిపోయాడు. ఆయన భార్య గిన్నె తీసుకుని నిలబడింది. ఎప్పుడూ వదినా అని నోరారా పిలిచే మనిషి, ఆ రోజు పిలుపు లేకుండా మాట్లాడింది. "ఆయన గెలిచాడనుకుని బతుకుతున్నాం. అది కూడా మిగల్చలేదు నువ్వు." తలుపు మూసుకుంది. గట్టిగా కూడా వేయలేదు, మామూలుగా మూసింది.

పది రోజులు ఆ ఇంటి తలుపు తెరిచి కనబడలేదు. పదకొండో రోజు మాస్టారు ఇస్త్రీ చొక్కా వేసుకుని, పాత కాగితాలన్నీ సంచిలో పెట్టుకుని ఆసుపత్రికి వచ్చాడు. తన పలకలూ దిమ్మలూ ఇమ్మని, బయట చూపించుకుంటానని రాసిచ్చాడు. ఇవ్వడానికి నానా సాకులూ చెప్పారు. గది నీళ్ళకు తడిసిందన్నారు, తాళం చెవి లేదన్నారు. మాస్టారు ఇంటినుంచి గుప్పెడు గుప్పెడు తిండి డబ్బాలో తెచ్చుకుని, పెద్ద అధికారి గది ముందు బెంచీ మీద నాలుగు రోజులు కూర్చున్నాడు. ఐదో రోజు ఇచ్చారు. బయటి లాబ్ రెండు ముక్కల్లో రాసింది: కొవ్వు మచ్చ, క్యాన్సరు లేదు.

ఆ తర్వాత విచారణ అన్నారు. ముగ్గురు పెద్దమనుషులు పొడుగాటి బల్ల అవతల కూర్చున్నారు. మధ్యలో పళ్ళెం నిండా జీడిపప్పు. సంతకాల డాక్టరు వాళ్ళలో ఒకరికి పాత సహాధ్యాయి. తప్పు ఎలా జరిగిందన్నది పావుగంటలో అయిపోయింది; ఇలాంటి మచ్చలు అరుదనీ, పుస్తకాల్లో కూడా పొరపాటు పడవచ్చని రాసి ఉందనీ, ఉద్దేశపూర్వకం కాదనీ. రోగికి ఈ సంగతి ఎలా తెలిసిందన్నదాని మీద మాత్రం గంటన్నర అడిగారు. వాళ్ళలో ఒకాయన జీడిపప్పు నములుతూ, నోట్లో పిండి కనబడుతుండగా, "నీకు అంత బాధగా ఉంటే మాకు చెప్పాలి గాని వీధిలోకి ఎందుకు వెళ్ళావమ్మా?" అన్నాడు. చెప్పాల్సినవాళ్ళకే చెప్పానండి అంది రోతమ్మ. ఆ మాట రాసుకోలేదు.

తేలిందేమిటంటే, నురగ కణాలు కనబడిన ప్రతి ముక్కకూ ఇకమీదట గులాబీ రంగు వేయకుండా రిపోర్టు ఇవ్వకూడదు. కడుపు తీసే ముందు రెండో డాక్టరు కూడా చూడాలి. మంచి నియమమే. అది రావడానికి ఒక మనిషి కడుపు పట్టింది. సంతకాల డాక్టరుకు ఒక హెచ్చరిక కాగితం ఇచ్చారు. రోతమ్మను లాబ్ నుంచి తీసి, పై అంతస్తులో గొట్టాలు కడిగే గదికి మార్చారు. ఆసుపత్రిలో ఆమె సంగతి తెలియనివాళ్ళు లేరు. ఏ గదికి పంపాలో బాగా ఆలోచించే పంపారు.

ఇప్పుడు ఆమె పని, జనం గొంతుల్లోంచి కడుపుల్లోకి దిగి వచ్చిన కెమెరా గొట్టాల్ని శుభ్రం చేయడం. ఒక్కొక్కటీ చొంగతో, పసరుతో, అరగని తిండి వాసనతో, కొన్నిసార్లు నెత్తుటి చారలతో వస్తుంది. సన్నటి పొడుగాటి బ్రష్షు లోపలికి తోసి, అవతలి కొసన తేటనీళ్ళు వచ్చేదాకా లాగి, మందునీళ్ళలో ముంచి, ఆరబెట్టాలి. రోజుకు ముప్పై. మొదటి నెల మధ్యాహ్నం భోజనం మానేసింది. రెండో నెల నుంచి కిటికీ తెరిచి, దాని దగ్గర నిలబడి తింటోంది. అసహ్యం పోలేదు. గొట్టం డాక్టరమ్మ మాత్రం ఇంతకుముందెన్నడూ ఇంత శుభ్రమైన గొట్టాలు చూడలేదని అందరితోనూ చెబుతుంది.

ఏడాది దాటాక ఒక పొద్దున డ్రిల్లు మాస్టారు పరీక్షకు వచ్చాడు. మిగిలిన కాస్త కడుపులో పసరు ఎగదన్ని పుండు పడిందేమోనని అనుమానం. బళ్ళకు వెళ్ళడం మానేసి చాలాకాలమైంది. వీధిలో ఎదురుపడితే తల ఊపేవాడు, మాట్లాడేవాడు కాదు. మంచం మీద పక్కకు తిప్పి పడుకోబెట్టి, తల పట్టుకోవడానికి నర్సు ముందుకు వస్తే, ఆయన చెయ్యెత్తి ఆపాడు. కడిగే గది తలుపులో నిలబడి ఉన్న రోతమ్మను చూపించి, "ఆవిణ్ణి పట్టుకోమనండి" అన్నాడు.

రోతమ్మ చేతి తొడుగులు మార్చుకుని వచ్చి తల పట్టుకుంది. గొట్టం దిగుతుంటే మాస్టారు ఒళ్ళంతా బిగించి డోకాడు. ఆకుపచ్చని పసరు ఆమె తొడుగు దాటి మోచేతి దాకా, వెచ్చగా, జిగటగా కారింది. ఆమెకు వెన్ను జలదరించింది. ఒక్క క్షణం కళ్ళు మూసుకుని తెరిచింది. చెయ్యి మాత్రం తీయలేదు. తెర మీద గొట్టం డాక్టరమ్మ చిన్నదైపోయిన ఆ కడుపు గోడలన్నీ తిప్పి తిప్పి చూపించింది.

అయ్యాక మాస్టారు నోరు పుక్కిలించి, కుర్చీలో కూర్చుని చెప్పులు వేసుకుంటూ అడిగాడు. "ఏమైనా ఉందా?"

"ఏమీ లేదు మాస్టారూ. కాస్త ఎర్రబడిందంతే. మందులకు తగ్గుతుంది."

"నువ్వు చూశావుగా?"

"చూశాను."

తల ఊపి, బయట బెంచీ మీద కూర్చున్న భార్య దగ్గరికి వెళ్ళిపోయాడు. ఆవిడ లోపలికి చూడలేదు. రోతమ్మ మోచేయి దాకా సబ్బుతో కడుక్కుంది, నాలుగుసార్లు. మాస్టారి కడుపులోంచి వచ్చిన గొట్టం తొట్టిలో పడి ఉంది. బ్రష్షు తీసుకుని దాని పని మొదలుపెట్టింది. బయట ఇంకా పదకొండు మంది ఉన్నారు.